పులుపు కరిగిపోకముందే

గౌడవెల్లి చుట్టుపక్కల పందిళ్ల కింద ద్రాక్షకు తీపే కొలత. డ్రై షార్డొనే వైన్‌కు మాత్రం పులుపే ప్రాణం. ఆ పులుపును తీగ మీద నుంచి సీసాలోకి చేర్చే పని గురించీ, ఆ పనికి మేడ్చల్ నేలతో ఉన్న చుట్టరికం గురించీ ఈ వారం ముఖచిత్ర కథనం.

సికింద్రాబాద్‌లో మేడ్చల్ రైలెక్కితే బొల్లారం దాటాక గుండ్లపోచంపల్లి వస్తుంది, ఆ తర్వాత గౌడవెల్లి. నిజాం కాలంలో గోదావరి లోయ కోసం వేసిన రైలుమార్గం ఇది. ఇప్పుడు ఒకవైపు ఔటర్ రింగ్ రోడ్డు, ఇంకోవైపు గోదాములు, వాటి మధ్య వెంచర్ల హద్దురాళ్లు. అయినా మేడ్చల్, శామీర్‌పేట, కీసర వైపు ద్రాక్ష పందిళ్లు కొన్ని ఇంకా నిలిచి ఉన్నాయి. ఫిబ్రవరి వచ్చిందంటే నగరం నుంచి కుటుంబాలు కార్లలో దిగుతాయి. కత్తెర, బుట్ట తీసుకుని గుత్తులు తామే కోసుకుని, తూకం వేయించుకుని పోతాయి. పందిరి కిందికి వచ్చిన ప్రతి ఒక్కరూ అడిగేది ఒకటే: “తియ్యగున్నయా?”

తినే పండుకు అడగాల్సిన ప్రశ్నే అది. అదే పందిరి కింద వైన్ చేసే మనిషి నిలబడితే మాత్రం గింజ నోట్లో వేసుకుని ఇంకోటి వెతుకుతాడు. పులుపు ఎంత మిగిలింది? ఎందుకంటే డ్రై వైన్‌లో తీపి చివరిదాకా ఉండదు. రసంలోని చక్కెరనంతా ఈస్ట్ తినేసి ఆల్కహాల్‌గా, బొగ్గుపులుసు వాయువుగా మార్చేస్తుంది. యూరప్ నిబంధనల ప్రకారం లీటరు వైన్‌లో మిగిలిన చక్కెర మామూలుగా 4 గ్రాములు దాటకూడదు. పులుపు గట్టిగా ఉన్న వైన్‌కు ఇంకాస్త ఎక్కువ ఒప్పుకుంటారు. అలా తీపి వెళ్లిపోయాక వైన్‌ను నిలబెట్టేది పులుపు ఒక్కటే. అది లేని తెల్ల వైన్ చింతపండు వేయని చారులా ఉంటుంది. ఈ పోలిక రసాయనశాస్త్రంలోనూ కుదురుతుంది. ద్రాక్షలో ప్రధానమైన ఆమ్లం టార్టారిక్. మన చింతపండు పులుపు కూడా ఆ టార్టారిక్ ఆమ్లందే.

పులుపు విలువ తెలిసిన నాలుక మనది. గోంగూర, చింతచిగురు, మామిడికాయ, నిమ్మ, ఉసిరి అన్నీ తిని పెరిగినవాళ్లం. అందుకే మనవాళ్లకు డ్రై వైట్ వైన్ నచ్చదనే మాట నేను నమ్మను. ఇన్నాళ్లూ మన ఊళ్లలో వైన్ అంటే దొరికింది ఎర్రగా, తియ్యగా, మందంగా ఉండే సరుకు. తొలి గుక్క అదే అయినవాళ్లకు షార్డొనే వింతగానే తోస్తుంది.

పినోకూ గ్వేకూ పుట్టిన బిడ్డ

షార్డొనే ఫ్రాన్స్‌లోని బర్గండీ ప్రాంతపు ద్రాక్ష. దక్షిణ బర్గండీలో మాకాన్ పట్టణం దగ్గర షార్డొనే అనే చిన్న ఊరు కూడా ఉంది. ఈ ద్రాక్ష పుట్టుక చాలాకాలం అంతుచిక్కలేదు. 1999లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ ప్రాంగణపు శాస్త్రవేత్తలు ఫ్రెంచి పరిశోధకులతో కలిసి డీఎన్ఏ పరీక్షతో తేల్చారు. తల్లిదండ్రుల్లో ఒకటి పినో, బర్గండీ గొప్పగా చెప్పుకునే నల్ల ద్రాక్ష. రెండోది గ్వే బ్లాన్, మధ్యయుగంలో పేద రైతులు పండించుకున్న, ఎవరూ లెక్కచేయని తెల్ల ద్రాక్ష. పెద్దింటి ద్రాక్షా పేదింటి ద్రాక్షా పక్కపక్క చేలల్లో పెరిగి కలిసిపోయాయన్నమాట.

షార్డొనే గుత్తి చిన్నది. గింజ చిన్నది, తోలు పలచన. తింటే ఇందులో ప్రత్యేకత ఏమిటని అడగాలనిపిస్తుంది. మస్కట్ రకాల్లా దూరం నుంచే గుబాళించదు. సొంత వాసన తక్కువ కావడమే దీని అసలు గుణం. ఏ నేలలో పండిందో, ఎంత చలి ఎంత ఎండ తగిలిందో, ఎవరు ఎలా పులియబెట్టారో అదంతా తనలో నిలుపుకుంటుంది. ఉత్తర బర్గండీలోని షాబ్లీలో కోట్ల ఏళ్ల నాటి ఆల్చిప్పల శిలాజాలున్న సున్నపునేల ఉంది. అక్కడి చలిలో పండిన షార్డొనేలో పచ్చి యాపిల్, నిమ్మతొక్క, తడిరాయి వాసనలు వస్తాయి. అక్కడి నుంచి కొంత దక్షిణానికి దిగి మెర్సో ఊరికి వస్తే అదే ద్రాక్ష ఓక్ పీపాల్లో పండి, వెన్న, వేయించిన బాదం లాంటి పప్పుల వాసన తెచ్చుకుంటుంది. ఎండ ఎక్కువగా ఉండే కాలిఫోర్నియా, ఆస్ట్రేలియా లోయల్లో అనాస, పండు మామిడి వాసనలు పలుకుతాయి.

ఫ్రాన్స్ బయట ఈ ద్రాక్షకు పేరు రావడానికి ఒక రోజును గుర్తుపెట్టుకోవాలి. 1976 మే 24న స్టీవెన్ స్పరియర్ అనే ఇంగ్లిష్ వైన్ వ్యాపారి పారిస్‌లో ఒక పోటీ పెట్టాడు. సీసాల మీద పేర్లు కనబడకుండా చేసి ఫ్రెంచి నిపుణుల చేత రుచి చూపించాడు. తెల్ల వైన్లలో మొదటి స్థానం కాలిఫోర్నియాలోని షాటో మాంటెలీనా వాళ్ల 1973 షార్డొనేకి దక్కింది. దాన్ని తయారుచేసిన మైక్ గర్గిచ్ క్రొయేషియా నుంచి వలస వచ్చిన మనిషి. షార్డొనే బర్గండీలోనే బాగుంటుందన్న నమ్మకం ఆ సాయంత్రంతో సడలింది. తర్వాత చిలీ, దక్షిణాఫ్రికా, న్యూజిలాండ్, చివరికి దక్కన్ పీఠభూమి దాకా ఈ తీగ నడిచొచ్చింది.

మన షాహి ద్రాక్ష

దక్కన్‌కు షార్డొనే రావడానికి శతాబ్దం ముందే హైదరాబాద్‌కు సొంత ద్రాక్ష ఉంది. 1890లో అబ్దుల్ బాకర్ ఖాన్ పశ్చిమాసియా నుంచి తెచ్చి నాటిన రకం అనాబ్-ఎ-షాహి. పొడవాటి గింజ, పండితే తేనెరంగు, నిండా రసం. లోపల విత్తులుంటాయి. రాతి కడ్డీలు పాతి, ఇనుప తీగలు లాగి, తలకు తగిలే ఎత్తున వేసిన పందిరి మీద ఈ తీగ ఆకాశమంతా అల్లుకునేది. హెక్టారుకు సగటున 35 టన్నులు దిగేది. ప్రపంచంలో ఏ ద్రాక్ష ప్రాంతంతో పోల్చినా అది ఆశ్చర్యపోవాల్సిన దిగుబడే. ఆ తర్వాత విత్తులేని థాంప్సన్ రకాలు వచ్చాయి. జిబ్బరెల్లిక్ ఆమ్లంలో గుత్తుల్ని ముంచి గింజను సాగదీసే విద్య నేర్చుకున్నారు. ఆ తర్వాత డౌనీ తెగులు ఖర్చులు, మహారాష్ట్ర పోటీ, కూలీల కొరత వచ్చిపడ్డాయి. అన్నిటికంటే గట్టి దెబ్బ భూమి ధర. ఎకరాల్లో లెక్కపెట్టే నేలను గజాల్లో లెక్కపెట్టడం మొదలయ్యాక పందిరి నిలవడం కష్టం.

అయినా అనాబ్-ఎ-షాహి వైన్ కథలోకి ఒక పక్కదారిన వచ్చింది. బెంగళూరు దగ్గర హెస్సరఘట్టలోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ దీన్ని ‘క్వీన్ ఆఫ్ ది విన్యార్డ్స్’ అనే రకంతో కలిపి అర్కా సోమ, అర్కా కాంచన్ అనే కొత్త రకాలను పుట్టించింది. అర్కా సోమ తెల్ల వైన్‌కు పనికొస్తుందని ఆ సంస్థే సిఫార్సు చేసింది. మన షాహి ద్రాక్ష సొంతంగా వైన్‌కు నప్పకపోయినా దాని వారసుల్లో ఆ గుణం కనిపించింది.

షాహి ఎందుకు నప్పదో చూస్తే షార్డొనే ఎందుకు నప్పుతుందో అర్థమవుతుంది. చక్కెర కొలిచే రిఫ్రాక్టోమీటర్ అద్దం మీద ఒక చుక్క రసం పోసి వెలుగుకు ఎదురుగా పట్టుకుని చూడటం మన ద్రాక్ష రైతుకు అలవాటే. అనాబ్-ఎ-షాహి మామూలుగా 14 నుంచి 16 బ్రిక్స్ చక్కెర చూపిస్తుంది. పులుపు తక్కువ కాబట్టి నాలుకకు ఆ కాస్త చక్కెరే చాలా తియ్యగా అనిపిస్తుంది. షార్డొనే కోతకొచ్చేసరికి 21 నుంచి 23 బ్రిక్స్ ఉంటుంది. అంటే షాహికన్నా చాలా ఎక్కువ చక్కెర. కానీ కొరికితే దవడ దగ్గర నీరూరుతుంది. చక్కెరా ఎక్కువే, పులుపూ ఎక్కువే. ఈ రెండూ కలిసి ఉండే రోజులు తీగ మీద బహు కొద్ది. వైన్ చేసేవాడి నైపుణ్యమంతా ఆ కొద్ది రోజుల్ని పట్టుకోవడంలో ఉంది.

రాత్రి చల్లగా ఉంటేనే

ద్రాక్షలో పులుపు రెండు ఆమ్లాల నుంచి వస్తుంది. టార్టారిక్ ఎండకు అంతగా చెక్కుచెదరదు. రెండోది మాలిక్, పచ్చి యాపిల్‌లో ఉండే ఆమ్లం. గింజ ఊపిరి తీసుకునేటప్పుడు ఈ మాలిక్‌నే ఖర్చుపెడుతుంది. వేడి పెరిగినకొద్దీ ఊపిరి వేగం పెరిగి మాలిక్ తరిగిపోతుంది. పగలు ఎంత ఎండగా ఉన్నా రాత్రి చల్లబడితే ఆ ఖర్చు తగ్గుతుంది. రాత్రి కూడా ఉక్కగా ఉంటే తెల్లారేసరికి గింజలో పులుపు కరిగిపోతుంది.

బర్గండీకీ గౌడవెల్లికీ ఉన్న అసలు తేడా ఇక్కడుంది. అక్కడ పండు పక్వానికి వచ్చేది సెప్టెంబరులో, వాతావరణం చలివైపు తిరిగే సమయంలో. రోజురోజుకూ రాత్రులు చల్లబడుతుంటే పండు నెమ్మదిగా తీపెక్కుతుంది, పులుపు నిలుస్తుంది. ఇక్కడ మామూలు పద్ధతిలో పండు పక్వానికి వచ్చేది ఫిబ్రవరి, మార్చి నెలల్లో. చలి వెళ్లిపోయి ఎండ ముదిరే సమయమది. తీపి పరుగెత్తుతుంది, పులుపు ఇంకా వేగంగా పారిపోతుంది. తినే పండుకు ఇది వరం. డ్రై వైన్‌కు ఇదే ఇబ్బంది.

దీనికి దక్కన్ రైతు కనిపెట్టిన విరుగుడు కత్తెర. యూరప్‌లో తీగ శీతాకాలమంతా ఆకు రాల్చి నిద్రపోతుంది. మన దగ్గర నిద్ర లేదు, ఏడాదంతా చిగురుస్తూనే ఉంటుంది. అందుకే రెండు కత్తిరింపులు చేస్తారు. ఏప్రిల్‌లో చేసేది కొమ్మ కోసం, అక్టోబరులో చేసేది కాయ కోసం. అక్టోబరు కత్తిరింపు తర్వాత మొగ్గలన్నీ ఒకేసారి పగలాలని హైడ్రోజన్ సైనమైడ్ పూస్తారు. రైతులు డార్మెక్స్ అనేది దాన్నే. అంటే పండు ఎప్పుడు పక్వానికి రావాలో ఇక్కడ నిర్ణయించేది ఋతువు కాదు, కత్తెర పట్టిన చేయి. అదే కత్తెరను సెప్టెంబరు మొదట్లో వేస్తే దాదాపు 120, 130 రోజులకు, అంటే జనవరి మొదటి సగానికి తెల్ల ద్రాక్ష కోతకొస్తుంది. దక్కన్‌లో రాత్రులు బాగా చల్లగా ఉండే నెల అది. మహారాష్ట్ర, కర్ణాటకల్లో వైన్ ద్రాక్ష రైతులు చేసేది ఇదే.

దీనికి చెల్లించాల్సిన మూల్యమూ ఉంది. సెప్టెంబరులో కత్తిరిస్తే చిగురు, పూత సరిగ్గా తిరుగు వానల్లో చిక్కుకుంటాయి. ఆకు అడుగున తెల్లటి నూగులా డౌనీ తెగులు కమ్ముకుంటుంది. ఒక్క వారం ఏమరుపాటు చాలు, పూత రాలిపోతుంది. మేడ్చల్ రైతుకు ఈ తెగులు కొత్త కాదు, షాహి తోటల్ని ఏళ్ల తరబడి పీడించింది ఇదే. పులుపు కోసం వానతో పందెం కాసే ధైర్యం చాలామందికి లేకపోవడంలో ఆశ్చర్యం లేదు. షార్డొనే మొగ్గ తొందరగా పగిలే రకం, దిగుబడి తక్కువ. దేశంలో తెల్ల వైన్‌కు షెనిన్ బ్లాన్, సావిన్యోన్ బ్లాన్ రకాలే ఎక్కువగా సాగవడానికి కారణం ఇదే.

చీకట్లో కోత, చల్లని తొట్టి

కోత చీకటితోనే మొదలవుతుంది. ఎండ ఎక్కేలోగా గుత్తులు నీడకు చేరాలి. గింజ చిట్లకుండా ప్లాస్టిక్ క్రేట్లలో లోతు తక్కువగా పేర్చి, చల్లని గదిలో పెడతారు. వేడి పండును పిండితే రసం వెంటనే గోధుమరంగుకు తిరుగుతుంది, తొక్కలోని వగరు దిగుతుంది.

షార్డొనేను చాలామంది గుత్తులతో సహా, కాడలు తీయకుండానే పిండుతారు. కాడల సందుల్లోంచి రసం నెమ్మదిగా జారుతుంది. గాలితో ఉబ్బే రబ్బరు సంచి ఉన్న ప్రెస్ మెత్తగా ఒత్తుతుంది, విత్తు చిట్లదు. టన్ను పండుకు 600 నుంచి 650 లీటర్ల రసం వస్తుంది. ఇంకా గట్టిగా ఒత్తితే ఇంకొంచెం వస్తుంది గానీ అందులో చేదు వస్తుంది, పులుపు పడిపోతుంది. మంచి వైన్ చేసేవాళ్లు ఆ చివరి రసాన్ని వేరే తొట్టిలోకి మళ్లిస్తారు. రసాన్ని 10 డిగ్రీలకు చల్లబరచి ఒక రాత్రి కదపకుండా ఉంచితే మడ్డి అడుక్కి దిగుతుంది. పైన తేరిన రసాన్ని ఇంకో తొట్టిలోకి తోడతారు.

అప్పుడు ఈస్ట్. వంద లీటర్లకు 20, 25 గ్రాములు చాలు. గోరువెచ్చని నీళ్లలో కాసేపు నానబెట్టి రసంలో కలుపుతారు. ఒకటి రెండు రోజుల్లో తొట్టి బుసబుసమంటుంది. ఇక్కడ స్టీలు తొట్టి చుట్టూ ఉన్న చల్లనీటి పొర పని మొదలుపెడుతుంది. పులిసేటప్పుడు వేడి పుడుతుంది, దాన్ని వదిలేస్తే 30 డిగ్రీలు దాటి పండు వాసనలన్నీ ఆవిరైపోతాయి. 14 నుంచి 18 డిగ్రీల మధ్య పట్టి ఉంచితే చక్కెర రోజుకు ఒక బ్రిక్స్ చొప్పున తగ్గుతూ రెండు మూడు వారాల్లో అడుగంటుతుంది. 22 బ్రిక్స్ రసం సుమారు 13 శాతం ఆల్కహాల్ ఉన్న డ్రై వైన్ అవుతుంది.

ఈ విద్య మేడ్చల్‌కు కొత్తదేమీ కాదు. ఇక్కడి నేల మీద ఈస్ట్ చేసిన ఒక పెద్ద పని ఉంది. 1997లో శాంతా బయోటెక్నిక్స్ తెచ్చిన షాన్‌వ్యాక్-బి మన దేశంలో జన్యుసాంకేతికతతో తయారైన తొలి హెపటైటిస్-బి టీకా. వరప్రసాద్ రెడ్డి స్థాపించిన ఆ సంస్థ మేడ్చల్‌లో ఆ టీకాను ఈస్ట్ కణాల్లోనే పెంచింది. జాతి వేరు, అది పికియా, వైన్‌కు వాడేది శాకరోమైసిస్. కానీ స్టీలు తొట్టి, డిగ్రీ డిగ్రీ లెక్కన వేడి అదుపు, శుభ్రత, సూక్ష్మరంధ్రాల వడపోత అన్నీ ఒకటే. శామీర్‌పేట పక్కన తుర్కపల్లి జీనోమ్ వ్యాలీలో ఆ పని చేసే చేతులు వేలల్లో ఉన్నాయి. ద్రాక్ష తెలిసిన రైతు, ఈస్ట్ తెలిసిన సాంకేతిక నిపుణుడు పక్కపక్కనే ఉన్న చోటు దేశంలో ఇంకెక్కడుందో నాకు తోచడం లేదు.

పీపా అనే పరీక్ష

చక్కెర అయిపోయాక షార్డొనే ముందు రెండు దారులుంటాయి. స్టీలు తొట్టిలోనే కొన్ని నెలలు ఉంచి, పండు వాసన చెడకముందే సీసాలోకి ఎత్తడం ఒక దారి. ఓక్ పీపాలోకి పంపడం రెండో దారి. బర్గండీ పీపా 228 లీటర్లది. కొయ్యను రెండు మూడేళ్లు ఎండా వానకు వదిలి, తర్వాత పలకలు వంచి, లోపల మంటతో కాలుస్తారు. ఆ కాల్పు నుంచి వెనిల్లా, కాల్చిన రొట్టె వాసనలు వస్తాయి. కొయ్య రంధ్రాల్లోంచి గాలి కొద్దికొద్దిగా లోపలికి వెళ్లి వైన్‌ను మెత్తబరుస్తుంది. అడుగున పేరుకున్న ఈస్ట్ మడ్డిని వారానికోసారి కర్రతో కలుపుతారు. ఆ మడ్డి కరిగి వైన్‌కు మీగడలాంటి నిండుదనం ఇస్తుంది.

పీపాలో ఇంకో మార్పు కూడా జరుగుతుంది. ఈనోకాకస్ ఈనై అనే బాక్టీరియా పదునైన మాలిక్ ఆమ్లాన్ని లాక్టిక్ ఆమ్లంగా మారుస్తుంది. మన పెరుగులో ఉండే ఆమ్లమే అది. ఆ మార్పులో పుట్టే డయాసిటైల్ అనే పదార్థం వల్లే కొన్ని షార్డొనేల్లో వెన్న వాసన వస్తుంది. షాబ్లీ లాంటి చలి ప్రాంతంలో పులుపు మరీ పదునుగా ఉంటుంది కాబట్టి అక్కడ ఈ మార్పు అవసరం. దక్కన్‌లో అంతా తలకిందులు. సెప్టెంబరు వానకు ఓర్చి, చలిరాత్రుల్ని పట్టుకుని, చీకట్లో కోసి కాపాడుకున్న మాలిక్‌ను చివర్లో బాక్టీరియాకు అప్పజెప్పడం నాకు నచ్చదు. వెన్న వాసన, వెనిల్లా వాసన నిండిన షార్డొనే ఒకప్పుడు ప్రపంచమంతా ఫ్యాషన్ అయింది. ఎండదేశపు వైన్‌కు ఆ బరువు తగదు. కొత్త పీపాలు తగ్గించి, బాక్టీరియాను చలితో, కొద్దిపాటి సల్ఫైట్‌తో ఆపేసి, కొంత వైన్‌ను స్టీలులోనే ఉంచి రెండింటినీ కలపడం మనకు సరిపోయే దారి. పులుపు చాలనప్పుడు టార్టారిక్ ఆమ్లం కలపడం వేడి దేశాల్లో అందరూ చేసేదే, అందులో దాపరికం అక్కర్లేదు. కాకపోతే తీగ మీద నిలిచిన పులుపు, తర్వాత పోసిన పులుపు నాలుక మీద ఒకేలా కూర్చోవు.

చివరగా బెంటొనైట్ అనే బంకమట్టి పొడితో మాంసకృత్తుల మసక తీస్తారు. గడ్డకట్టే చలికి దగ్గరగా కొన్ని రోజులు ఉంచితే అదనపు టార్టారిక్ పలుకులుగా అడుక్కి రాలుతుంది. ఎప్పుడైనా సీసా అడుగున పంచదార రేణువుల్లాంటివి కనిపిస్తే భయపడక్కర్లేదు, అవి ఆ పలుకులే. వడకట్టి 750 మిల్లీలీటర్ల సీసాల్లోకి ఎత్తుతారు. మన గోదాముల ఎండకు బెండు మూత కన్నా మెలిమూతే నయం.

హంపి కొండల్లో తెలుగువాళ్ల తోట

తెలుగువాళ్లెవరైనా ఈ పని చేశారా అంటే, గౌడవెల్లికి దగ్గర్లోనే మొదలుపెట్టి చెప్పాలి. దుండిగల్ వైపు గాగిల్లాపూర్‌లో గ్రాన్యూల్స్ ఇండియా వాళ్ల పెద్ద మందుల కర్మాగారం ఉంది. దాని వ్యవస్థాపకుడు చిగురుపాటి కృష్ణప్రసాద్, ఆయన భార్య ఉమ ఇద్దరూ ఏడు ఖండాల్లోనూ మారథాన్ పరుగెత్తినవాళ్లు. ఆ దంపతులు వైన్ మీది ప్రేమతో కర్ణాటకలోని హంపి హిల్స్‌లో క్రిష్మా ఎస్టేట్స్ పేరుతో తోట వేశారు. కాబర్నే సావిన్యోన్, సాంజోవేజే, సిరా లాంటి ఎర్ర రకాలతో పాటు సావిన్యోన్ బ్లాన్, షార్డొనే పండించి వైన్ చేస్తున్నారు.

ఆ చోటు ఎంపికలోనే నాకు ఆసక్తి ఉంది. హంపి అంటే గుండ్లు, ఎర్రమట్టి, తక్కువ వాన, పగలు మాడ్చే ఎండ. షార్డొనేకు ఇంతకన్నా వ్యతిరేకమైన చోటు ఉండదనిపిస్తుంది. కానీ వాన తక్కువంటే డౌనీ తక్కువ. పొడినేల రాత్రికి త్వరగా చల్లబడుతుంది. బలంలేని గరపనేలలో తీగ విచ్చలవిడిగా పెరగదు, కాయ చిన్నదవుతుంది, రసం చిక్కబడుతుంది. నీళ్లు ఎంత ఇవ్వాలో డ్రిప్ గొట్టమే నిర్ణయిస్తుంది. షోలాపూర్ జిల్లా అక్లూజ్‌లో 2007లో మొదలైన ఫ్రాటెలీ సంస్థ ఇటలీ వైన్ నిపుణుడు పియెరో మాసీతో కలిసి షార్డొనేకు పేరు తెచ్చింది కూడా అలాంటి పొడి ఎండనేలలోనే. ఈ రెండు చోట్లా చూస్తే దక్కన్‌లో షార్డొనే పండుతుందా అన్న సందేహం తీరిపోయింది.

వైన్ తోటలు ఎక్కువగా మహారాష్ట్ర, కర్ణాటకల్లోనే ఎందుకు చేరాయంటే, నేల ఒక్కటే కారణం కాదు. మహారాష్ట్ర 2001లో, కర్ణాటక 2007లో వైన్ కోసం వేరే విధానాలు తెచ్చాయి. పండు నుంచి తీసే వైన్‌ను రైతు ఉత్పత్తిగా చూసి, మిగతా మద్యం నుంచి విడదీసి, పన్ను భారం తగ్గించాయి. తోట పక్కనే వైనరీ నిలబడటానికి అదే ఆధారమైంది.

ఏం తింటూ తాగాలి

పీపా తగలని షార్డొనేను 8, 10 డిగ్రీల చల్లదనంలో, పీపాలో పండినదాన్ని 12 డిగ్రీల దగ్గర తాగాలి. మరీ చల్లగా ఉంటే వాసన పలకదు, వేడిగా ఉంటే ఆల్కహాల్ ముక్కుకు కొడుతుంది. మూత తీశాక ఫ్రిజ్‌లో మూడు నాలుగు రోజులు నిలుస్తుంది. పీపా తగలనిదాన్ని రెండు మూడేళ్లలో తాగేయడం మంచిది. దుకాణంలో ఎండ పడే అరలో నిలబెట్టిన సీసాను కొనవద్దు. 150 మిల్లీలీటర్ల గ్లాసులో 15 గ్రాముల పైచిలుకు ఆల్కహాల్ ఉంటుంది. ఎంత సొగసుగా ఉన్నా ఇది మద్యమే, ఆ లెక్కలోనే తాగాలి.

తిండి విషయంలో మన చేపల పులుసుతో దీన్ని కలపవద్దని గట్టిగా చెబుతాను. కూర పులుపు వైన్ పులుపును మించితే వైన్ నీళ్లలా తేలిపోతుంది. పైగా గుంటూరు కారం తగిలితే ఆల్కహాల్ మంట రెట్టింపవుతుంది. కారం తగ్గించి చేసిన కొరమీను వేపుడు, కొబ్బరిపాలల్లో ఉడికించిన రొయ్యలు, మిరియాల ఘాటుతో తెల్లగా కాచే హైదరాబాదీ మరగ్ దీనికి సరైన జోడీ. పీపాలో పండినదానికి నా దృష్టిలో అన్నిటికన్నా బాగా కుదిరేది మన సర్వపిండి. వేగిన పల్లీ, నువ్వుల వాసన ఓక్ వాసనతో చక్కగా కలుస్తుంది, నూనెను పులుపు కోసేస్తుంది. పచ్చిమిర్చి మాత్రం తగ్గించాలి.

గౌడవెల్లిలో ఒక ఎకరం

మేడ్చల్‌లో షార్డొనే వేస్తే ఏమవుతుందో లెక్క వేసి చూద్దాం. పులుపు నిలవాలంటే ఎకరానికి 3 టన్నులతో సరిపెట్టుకోవాలి. షాహి పందిరి ఇచ్చే దానిలో నాలుగో వంతు కూడా కాదిది. ఆ 3 టన్నుల నుంచి 1,900 లీటర్ల రసం, నష్టాలు తీయకముందు 2,500 సీసాలు. డాగ్‌రిడ్జ్ లేదా 110ఆర్ వేరుమూలం మీద అంటుకట్టిన మొక్క సరైన పంటకొచ్చేసరికి మూడేళ్లు. ఔటర్ రింగ్ రోడ్డు పక్కన ఆ ఎకరం ధరతో పోలిస్తే ఇది లాభసాటి బేరం అని ఏ రైతుకూ చెప్పలేం. ఈ పని రైతు మీద రుద్దేది కాదు.

చేయాల్సినవాళ్లు వేరే ఉన్నారు. శామీర్‌పేట దాటి రాజీవ్ రహదారిలో ముందుకెళితే ములుగులో కొండా లక్ష్మణ్ బాపూజీ పేరిట ఉద్యాన విశ్వవిద్యాలయం ఉంది. రాజేంద్రనగర్‌లో ద్రాక్ష పరిశోధన కేంద్రం ఉంది. ఇలాంటి సంస్థలకు ఒక ఎకరం భూమి, ఒక చిన్న చల్లని గది, రెండు స్టీలు తొట్లు పెద్ద భారం కాదు. సగం ఎకరం పాత పద్ధతిలో పందిరి వేయాలి, సగం నిలువు తీగల మీద ఎక్కించాలి. నీడనిచ్చే మన పందిరి కింద గుత్తికి ఎండ తక్కువ తగులుతుంది కాబట్టి మాలిక్ ఎక్కువ నిలుస్తుందని నా అంచనా. గాలి ఆడక డౌనీ ఎక్కువ పట్టే ప్రమాదమూ ఉంది. రెండింటిలో ఏది గెలుస్తుందో మేడ్చల్ వానల్లోనే తేలాలి. సెప్టెంబరు మొదటి వారంలో సగం వరుసలు, అక్టోబరులో మిగతావి కత్తిరించాలి. కాయ మెత్తబడ్డప్పటి నుంచి రాత్రి ఉష్ణోగ్రత, బ్రిక్స్, మాలిక్ మూడూ మూడు రోజులకోసారి రాసుకోవాలి. జనవరి కోతనూ ఆ తర్వాతి కోతనూ వేర్వేరు తొట్లలో పులియబెట్టాలి. రెండు గ్లాసులూ మేడ్చల్ ద్రాక్ష రైతుల ముందు పెట్టి, ఏది నచ్చిందో వాళ్లనే అడగాలి.